ఇరవై ఏడు మొహాలు ఎటు చూడాలి

మా తెనాలిలో విగ్రహమంటే నిలబడేది. లోపల ఇనుప చువ్వ, కింద సిమెంటు దిమ్మ, చుట్టూ రెయిలింగు. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది అదే. కూడళ్లలో చెయ్యెత్తి నిలబడ్డ నాయకులు, పంచెల మడతలు, కళ్లజోళ్లు. వాటిలో ఒక్కటి కూడా ఇంతవరకు పడిపోలేదు. ఆ ధీమాతోనే ఈ ఏడు మొదటిసారి వేలాడే బొమ్మలు చేశాను. వాటిని వ్యానెక్కించుకుని ఉత్తరాంధ్రకు వెళ్లి, నాకు వచ్చనుకున్న పనిని ఆరు రోజుల్లో మళ్లీ ఓనమాల నుంచి నేర్చుకుని వచ్చాను. విజయనగరం దాటి పైకి వెళ్లనివాళ్లు మా చుట్టాల్లోనే బోలెడంతమంది. "అక్కడేముందే, సముద్రమేగా, మన సూర్యలంకలో లేదా?" అంటారు. ముఖ్యంగా వాళ్లు చదవాలని ఇది రాస్తున్నాను.

ముందు ఈ బొమ్మల సంగతి చెప్పాలి. కిందటేడు నౌపడ అవతల ఒక చేపలవాళ్ల పల్లెలో ఒక సాయంత్రం గడిపాను. ఊరి పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. ఆ రోజు వేటకు వెళ్లిన పడవలు ఆలస్యమయ్యాయి. ఆడవాళ్లు ఇరవై ఏడుమంది ఇసుకలోకి వచ్చి ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోయి సముద్రం వైపు చూస్తున్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. గంటన్నరకు పడవలన్నీ వచ్చేశాయి. అందరూ తట్టలు అందుకుని పనిలో పడ్డారు. వాళ్లకు అది మామూలు రోజు. నాకు మాత్రం ఆ గంటన్నర మనసులోంచి పోలేదు.

మర్నాడే వాళ్లను అడిగాను, మీ మొహాలు మట్టితో చేస్తానని. వాళ్లలో పెద్దది గున్నమ్మ. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం ఊరవతలకి వినిపిస్తుంది.

"సెయ్యి. కాని నీ ఊర్లో ఎట్టుకుని నీ వోల్లకి సూపించుకుంటానంటే ఒప్పను. మాకు దగ్గర్లో ఎట్టాల. మేమందరం వచ్చి సూస్తాం. మా మొకాల్లాగ లేకపోతే నీ ఎదటే బద్దలుకొట్టీసి పోతాం" అంది.

నవ్వుతూ అన్న మాట కాదది. నేనూ ఒప్పుకున్నాను. పది రోజులు అక్కడే ఉండి కొలతలు తీసుకుని, ఇంటికొచ్చి చేసి, కాల్చాను. విజయనగరంలో ఒకప్పటి ధాన్యం గోదామును ఈమధ్యే ప్రదర్శనశాలగా మార్చారు. అందులో చోటు దొరికింది. ఆదివారం పొద్దున పదింటికి మొదలు. ఆ రోజు చేపల బేరం మానుకుని పల్లె ఆడవాళ్లంతా బస్సులో వస్తారు. సోమవారం అర్ధరాత్రి దాటాక నేను బయల్దేరేనాటికి ఇదీ పరిస్థితి.

శృంగవరపుకోట

వ్యాను అప్పలనాయుడిది. మా వైపు సరుకు దింపి ఖాళీగా వెనక్కి వెళ్తూ దొరికాడు. ఇతనిది శృంగవరపుకోట పక్క పల్లె. నడిపినంతసేపూ మాట్లాడతాడు. గోతులొస్తే మాత్రం మాట ఆపి, వెనక వరిగడ్డిలో ఉన్న నా మొహాలకు వినపడేలా "సూసుకోండమ్మా" అంటాడు. మొదట్లో విసుక్కున్నాను. రాజమండ్రి దాటేసరికి నేనే అతనికంటే ముందు అనడం మొదలెట్టాను.

ముందుగా ఈ ఊరికి రావడానికి కారణం వెదుళ్లు. గోదాము పాతది, దూలాలకు మేకు కొట్టకూడదు, గోడకు కన్నం పెట్టకూడదు, నేలకు బోల్టు దించకూడదు. ఈ షరతులు చదివాక ఇనుపచట్రం గురించి నేను వేసుకున్న లెక్కలన్నీ చింపేశాను. తనంతట తాను నిలబడే వెదురు పందిరి కావాలి.

కొండవాళ్లు వెదుళ్లు తెచ్చి సంతలో నిలబెడతారు. నేను ఇనుము కొన్నట్టే టేపు తీసి లావు కొలవడం మొదలెట్టాను. అమ్మే ముసలావిడ నన్ను కాసేపు చూసి, టేపు పక్కన పెట్టమని చెయ్యి ఊపి, ఒక్కో వెదురును వేలి కణుపుతో తడుతూ వచ్చింది. టక్, టక్, టక్. ఆరో దాని దగ్గర ఆగింది.

"ఇది ఒద్దు. ఎన్నెల్లో నరికినోడెవుడో. పురుగు పడతాది. అమాస ముందు నరికినాయి ఇయి. పట్టికెల్లు" అంది.

నాకు రెండు శబ్దాల్లోనూ తేడా తెలియలేదు. నాలుగుసార్లు తట్టించుకుని విన్నా తెలియలేదు. మా దగ్గర చువ్వ మందం దాని మీదే అచ్చేసి ఉంటుంది, చదువుకుంటే చాలు. ఈవిడ చంద్రుణ్ణి గుర్తుపెట్టుకుని చెవితో సరుకు ఎంచుతోంది. నేను టేపు సంచిలో పడేసి ఆవిడ చెప్పినవే తీసుకున్నాను.

మధ్యాహ్నం అంబలి తాగాం. మేము రాగులనేవాటిని వీళ్లు చోళ్లంటారు. చోడంబలి పెద్ద గ్లాసు పది రూపాయలు, పచ్చి ఉల్లిపాయ, ఒక ఎండు మిరపకాయ ఊరికే ఇస్తారు. మా గుంటూరు కారం తినే నోటికి ఇది చప్పగా ఉంటుందేమో అనుకున్నాను. రెండో గ్లాసు అడిగి తాగాను. ఆ కొండగాలికి అంతకంటే ఏం కావాలో నాకు తట్టలేదు.

విజయనగరం

గోదాము లోపలికి వెళ్లగానే తలెత్తి చూస్తూ నిలబడిపోయాను. అంత ఎత్తు, అంత చల్లదనం. తూర్పున, పడమరన పొడవాటి కిటికీలు. పడమటి వైపు పెద్ద గుమ్మం. తూర్పు గోడ మాత్రం కిటికీల కింద ఆ చివర నుంచి ఈ చివరకు ఖాళీ, తెల్ల సున్నం. ఇక్కడ మొహాలు వేలాడితే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఆ చివరిదాకా నడిచి వచ్చాను.

బుధవారం పొద్దున అప్పలనాయుడు, అతని బావమరిది కలిసి పందిరి కట్టేశారు. ఒక్క మేకు లేదు. మధ్యాహ్నానికి ఇరవై ఏడు మొహాలూ నడినెత్తిన ఉన్న కన్నంలోంచి తాడు దూర్చి, గుమ్మం వైపు చూసేలా కట్టాను. వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఎంత బాగున్నాయో.

పది నిమిషాలు కూడా కాలేదు. గున్నమ్మ మొహం మెల్లగా ఎడమకు తిరిగింది. ఆమె పక్కది కూడా. అలా ఒక్కొక్కటే తిరుగుతూ తిరుగుతూ వీపులు చూపించాయి. వాటి వీపులు మనుషులు చూడ్డానికి చేసినవి కావు. లోపల బోలు, మట్టి అదిమిన నా బొటనవేలి గుంటలు, అతుకుల చారలు. ముప్పై ఏళ్లుగా నా పనిలో ఆ వైపును గోడకానించి దాచడమే నాకు అలవాటు. పూర్తిగా తిరిగాక కాసేపు ఆగి, మళ్లీ వెనక్కి తిరగడం మొదలెట్టాయి.

నైలాను దారం వేశాను, ఇంకా నెమ్మదిగా తిరిగాయి, అంతే. తిరుగుడు కొక్కేలు వేశాను, బొంగరాలయ్యాయి. రెండు చెవుల దగ్గరా రెండు తాళ్లు కడితే తిరగడం మానేసి ఉయ్యాల ఊగాయి. కిటికీ గాలికి రెండు మొహాలు ఢీకొని ఒకదానికి ముక్కు విరిగింది. అదృష్టం, అది పరీక్షకు కట్టి చూసిన నమూనా, ఇరవై ఎనిమిదోది.

అప్పలనాయుడు చేతులు కట్టుకుని చూస్తూ, "మేడమ్, అందరూ అలిగి మొకం తిప్పీసుకున్నట్టున్నాది" అన్నాడు.

నువ్వు నోరు మూసుకో అన్నాను. పాపం, అతని తప్పేముంది. కాని నాకు కళ్ల ముందు గున్నమ్మ కనిపిస్తోంది. బేరం మానుకుని, మంచి చీర కట్టుకుని, వంద కిలోమీటర్లకు పైగా బస్సులో వచ్చి, ఆమె చూడబోయేది ఇదా. బద్దలుకొట్టినా నేను అడ్డుపడకూడదు అనిపించింది. ఎలాగూ వాళ్లను పిలవడానికి పల్లెకు వెళ్లాలి. వెళ్లి, రావద్దని చెప్పేద్దామని మనసులో సగం నిశ్చయించుకున్నాను.

రామతీర్థం

గురువారం పొద్దున్నే బయల్దేరాం. అప్పలనాయుడు నన్ను అడగకుండానే బండిని రామతీర్థం వైపు తిప్పాడు. "రాముడికి దండవెట్టుకుని ఎల్దాం మేడమ్. దండవెడితే పోయిందేటి" అన్నాడు. దర్శనం చేసుకున్నాం. తర్వాత అవతలి కొండెక్కుదామన్నాను. పైన ఎప్పటివో బౌద్ధుల ఇటుక కట్టడాలున్నాయని విన్నాను.

ఎక్కేసరికి ఆయాసంతో తల తిరిగింది. ఇటుకల గుండ్రటి పునాదులు, వాటి మీద గడ్డి, కింద పచ్చగా పొలాలు. ఇంకో పక్క పెద్ద రాళ్ల సందులో ఒక గుహలాంటి చోటు. అక్కడ జైనుల విగ్రహం ఒకటి, అరిగి, విరిగి, నిలబడి ఉంది. దిమ్మ లేదు, రెయిలింగు లేదు, పేరు రాసిన పలక లేదు. రాతి సందులోంచి వెలుగు ఏటవాలుగా వచ్చి సరిగ్గా దాని చెంప మీద పడుతోంది. చెక్కినవాడు ముందు ఆ వెలుగు చూసుకుని, తర్వాత ఆ చోటు ఎంచుకుని ఉంటాడు. నేను అక్కడే రాయి మీద కూలబడ్డాను. గొప్పగా చెప్పుకోవడం కాదు, నిజంగానే కళ్లంట నీళ్లొచ్చాయి. ఇన్ని వందల ఏళ్లు ఒకే వైపు చూస్తూ ఉంది ఆ మొహం. నావి పది నిమిషాలు చూడలేకపోయాయి.

"మీదీ ఇలాటి పనేనేటి మేడమ్?" అన్నాడు అప్పలనాయుడు గొంతు తగ్గించి.

"నాది పనే కాదయ్యా" అన్నాను.

దిగేటప్పుడు నా సంచి అతనే పట్టుకున్నాడు.

శ్రీకాకుళం

ఇక్కడ రాత్రి బస మాత్రమే. పడుకోబోయే ముందు ఒక హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లి నా గోడు చెప్పుకున్నాను. కొట్టాయన శ్రద్ధగా విని, "పెళ్లి డెకరేషనాండి?" అన్నాడు. కాదని, మనుషుల మొహాలని చెప్పాను. "మనుసుల మొకాలు ఏలాడదియ్యడవేటండి" అని భయపడి, ఇంకో బేరం చూసుకున్నాడు. మర్నాడు టిఫిన్ దగ్గర ఈ కథ చెబితే అప్పలనాయుడు పెసరట్టు పొరబోయేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

నౌపడ

ఉప్పు మడులు చూడనివాళ్లకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. రైలు స్టేషను దాటి కాస్త వెళ్తే నేలంతా గళ్లు గళ్లుగా అద్దం పరిచినట్టుంటుంది. ఆ గట్ల మీద తెల్లటి కుప్పలు. ఎండ పైనుంచీ కిందనుంచీ కూడా కొడుతుంది. ఆడామగా మోకాళ్ల దాకా బట్ట ఎగ్గట్టి పొడుగు పారలతో ఉప్పు గీరుతుంటారు. పక్కవాళ్లతో ఒక్క మాటైనా లేకుండా పని చేసుకుపోతారు. సముద్రపు నీళ్లను గట్టు కట్టి ఆపి, ఎండకు వదిలి, వేచి ఉండి, తిండిలో పడే వస్తువుగా మారుస్తున్నారు. మేము ఇంట్లో చిటికెడు వేసి మూత పెట్టేస్తాం, అంతే.

ఆ కుప్పలు చూడగానే నాకో గొప్ప ఆలోచన వచ్చింది. మొహాలు ఊగకుండా గడ్డం దగ్గర నుంచి కిందికి ఒక తాడు కట్టి, నేల మీద బరువు పెట్టాలి కదా. తెల్ల గుడ్డ మూటల్లో ఉప్పు పెడితే? బరువుకు బరువు, అందానికి అందం, అదీ వాళ్ల సముద్రం నుంచే. నా తెలివికి నేనే మురిసిపోయాను. గట్టు మీద ఉన్నావిడను రెండు బస్తాలు అడిగాను.

"ఇంట్లోకా అమ్మా, పచ్చడికా?" అంది.

"కాదు, బరువుకు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఉప్పు ఉన్న సోట ఉండదమ్మా" అంది.

ఎంత చక్కటి మాట అనుకుని నోటుబుక్కులో రాసుకున్నాను. అది జాగ్రత్త చెప్పడమని ఎంతమాత్రం తోచలేదు.

సముద్రం దగ్గర

శుక్రవారం మధ్యాహ్నానికి పల్లె చేరాం. గున్నమ్మ అరుగు మీద చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేవలేదు. "ఆదివారం బస్సు మాటాడీసినాం. ఎవులెవులు ఏ సీర కట్టుకోవాలో కూడా తేలిపోనాది" అంది. రావద్దని చెబుదామని వెళ్లినదాన్ని, చెప్పులు విప్పి ఆమె పక్కన కూర్చున్నాను.

ముందు అన్నం పెట్టింది. ఎండు నెత్తళ్లు వంకాయతో పులుసు. మా ఇంట్లో ఎండు చేప వాసనొస్తే పక్కింటివాళ్లు కిటికీ వేసుకుంటారు. ఇక్కడ మూడోసారి పులుసు పోయించుకుని, అప్పుడు చెప్పాను జరిగిందంతా. మొహాలు తిరుగుతున్నాయని, వీపులు చూపిస్తున్నాయని, ఆదివారానికి కాదేమోనని.

గున్నమ్మ చెయ్యి కడుక్కుంటూ విన్నది. తిట్టలేదు. "ఎర్రయ్యా" అని ఒక్క కేక పెట్టింది.

ఎర్రయ్య ఆమె తమ్ముడు. అరవై దాటాయి. మోకాలి నొప్పితో సముద్రం మీదకి వెళ్లడం మానేసి, ఊరి వలలన్నీ బాగుచేస్తుంటాడు. తాపీగా వచ్చి, నేను తెచ్చిన ముక్కు విరిగిన మొహాన్ని తాటాకు పందిరికి వేలాడదీసి చూశాడు. అది తిరిగింది. ఆయన దాన్ని చూడలేదు, తాడును చూశాడు.

"ఒంటి తాడేసినారేటమ్మగోరూ" అన్నాడు జాలిగా.

పక్కనున్న వల కుప్పలోంచి పై అంచు లాగి నా చేతిలో పెట్టాడు. అది ఒక తాడు కాదు. రెండు తాళ్లు పక్కపక్కన పెట్టి, జానెడు జానెడుకు కట్టి ఉన్నాయి.

"వలకి పైన ఒంటి తాడు కడితే నీల్లల్లో బరువు పడగానే మెలి తిరిగిపోతాది. వలంతా సుట్టుకుపోతాది. ఇంకేటి పడతాది అందులో. అందుకని రెండేస్తాం. ఇది కుడి పురి. ఇది ఎడం పురి. బరువెడితే ఇది ఇటు తిరుగుదామంటాది, అది అటు తిరుగుదామంటాది. జంట కట్టీసినామనుకోండి, ఆటి దెబ్బలాట ఆటికే సరిపోతాది. మనకి కదలదు."

చెబుతూనే రెండు మూరల తాడు కోసి, జంట కట్టి, నా బొమ్మను దానికి తగిలించాడు. చేత్తో గట్టిగా ఒక తిప్పు తిప్పి వదిలాడు. అది ఓసారి వెళ్లి, వెనక్కి వచ్చి, నా వైపు మొహం పెట్టి ఆగిపోయింది. సముద్రపు గాలి జుట్టు రేగేలా కొడుతోంది. అయినా ఆగిపోయింది.

నేను ఆ రెండు తాళ్లనూ పట్టుకుని వేళ్లతో తడిమి చూశాను. ఒకదాని మెలికలు కుడికి ఎక్కుతున్నాయి, రెండోదానివి ఎడమకు. ఇంత చిన్న సంగతి. మూడు రోజులుగా కొక్కేలూ దారాలూ కొని చచ్చాను. కాలేజీలో ఐదేళ్లు శిల్పం చదివాను, ఎవరూ తాడుకు ఒక ఇష్టం ఉంటుందని చెప్పలేదు.

"ఇది మీకెవరు నేర్పారు?" అన్నాను.

"ఎవులు నేర్పుతారు? మా అయ్య ఏసినాడు, నానేస్తన్నాను" అన్నాడు. అడిగినందుకు ఆశ్చర్యపోతూ.

"నువ్వెల్లి కట్టీసి రా. నా మొకం తిరిగిందంటే నిన్నే అంటాను" అంది గున్నమ్మ తమ్ముడితో. ఎర్రయ్య లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చాడు.

సాయంత్రం ఇసుకలోకి వెళ్లాను. పడవలు వేళకే వస్తున్నాయి. అయినా నలుగురైదుగురు ఆడవాళ్లు పని మధ్యలో లేచి, సముద్రం వైపు ఓసారి చూసి, మళ్లీ కూర్చుంటున్నారు. ఒకావిడ నాతో మాట్లాడుతూనే అటు తిరిగి నిలబడింది. నాకు కనిపిస్తున్నది ఆమె ముడి, వీపు. మాట మాత్రం నాతోనే.

మళ్లీ విజయనగరం

శనివారం ఎర్రయ్య, అప్పలనాయుడు, నేను, ముగ్గురం కలిసి ఇరవై ఏడు తాళ్లూ మార్చాం. ఎర్రయ్య ముడి వేస్తుంటే చూడాలి. చూపు ఎక్కడో ఉంటుంది, వేళ్లు పని చేసుకుపోతాయి. సాయంత్రానికి అన్నీ గుమ్మం వైపు చూస్తూ నిశ్చలంగా నిలిచాయి. గంట సేపు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక్కటీ తిరగలేదు. ఆయన కాళ్లకు దణ్ణం పెడదామనిపించింది, పెడితే పారిపోయేలా ఉన్నాడని ఊరుకున్నాను.

కిందికి తాళ్లు కట్టి, ఉప్పు మూటలు పెట్టబోతుంటే ఎర్రయ్య దగ్గరకొచ్చాడు. "అమ్మగోరూ, ఇది ఉప్పు కదా" అన్నాడు.

"అవునండీ, ఉప్పే."

"ఉప్పుకి మరి..."

"ఆ సంగతి నాకు వదిలేయండి, నాకు తెలుసు" అన్నాను. నా నోటి దురుసు సంగతి ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

లాడ్జికి వెళ్లి హాయిగా నిద్రపోయాను. ఆదివారం ఏడింటికి గోదాముకు వచ్చేసరికి కాపలాదారు గుమ్మంలో తల పట్టుకుని కూర్చున్నాడు. తెల్లవారుజామున మంచు బాగా పట్టిందట, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. నేల మీద ఇరవై ఏడు మూటల చుట్టూ ఇరవై ఏడు మడుగులు. ఉప్పు తేమకు కరిగి మూటలు చిక్కిపోయి, తాళ్లు సడలిపోయి, పాత నేలంతా చారలు కట్టింది. అక్కడే పడుకున్న ఎర్రయ్య గోనెగుడ్డతో తుడుస్తున్నాడు. నన్ను చూసి ఇంకో గోనెగుడ్డ అందించాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంకా మూడు గంటల వ్యవధి ఉంది. అప్పలనాయుణ్ణి లాక్కుని ఇసుక కోసం పరిగెత్తాను. నాలుగు వీధుల అవతల ఇల్లు కడుతున్నారు. మేస్త్రీని బతిమాలి ఇసుక నింపుకుని, బజారులో కొత్త గుడ్డ కొని, వ్యానులోనే మూటలు కట్టుకుంటూ తిరిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఈలోగా కింది తాళ్లన్నీ విప్పి సరిచేసి ఉంచమని ఎర్రయ్యకు చెప్పి వెళ్లాను.

సరిచేశాడు. సరిచేసి, పై ముళ్లు కూడా మార్చి అన్నింటినీ తిప్పేశాడు.

గుమ్మంలో నిలబడితే ఇరవై ఏడు వీపులు. బోలు గుంటలు, నా వేలిముద్రలు, అతుకులు. మొహాలన్నీ అటు, తూర్పున ఖాళీ గోడ వైపు. ఒక్కటి కదలడం లేదు. ఈయన తాళ్లే కదా మరి.

"ఏం చేశారండీ ఇది?" అని అరిచాను. నిజంగానే అరిచాను. కాపలాదారు లేచి నిలబడ్డాడు.

ఎర్రయ్య తొణకలేదు. "నిన్న సాయంత్రం నాకు ఈ ఊర్లో దిక్కు తెలవనేదమ్మగోరూ. పొద్దున ఆ కిటికీలో సూరీడొచ్చినాక తెలిసినాది. మీరు తెలవక ఊరు కేసి నిలబెట్టీసినారు. సరిసేసినాను."

"జనం వచ్చేది ఈ గుమ్మంలోంచి. వాళ్లకు వీపులు కనపడతాయి."

"కనపడితే ఏటి?" అన్నాడు. నేనేం అడుగుతున్నానో ఆయనకు నిజంగా అర్థం కాలేదు. "సంద్రం అటున్నాది కదా. ఆడోల్లు పడవల కోసం నిలబడ్డారని మీరే సెప్పినారు. ఎనక్కి తిరిగి ఎవుల్ని సూస్తారు?"

సముద్రం ఇక్కడికి గంట ప్రయాణం. ఈయన లెక్కలో అది గోడ అవతలే ఉంది. తిప్పేయండి అందామని నోరు తెరిచాను. బయట బస్సు ఆగిన చప్పుడైంది.

ఇరవై ఏడూ తిప్పడానికి టైము లేదు. అప్పలనాయుడు, ఎర్రయ్య కలిసి ఇసుక మూటలు గబగబా పెట్టేశారు. నేను ఏం చెయ్యాలో తోచక, మొహాల ముందు వైపుకు, ఆ తెల్ల గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. వాళ్లు రాగానే ముందుకు పిలుద్దామని, వీపులకు క్షమాపణ చెబుదామని. చేతిలో రెండు ముక్కలు రాసుకున్న కాగితం ఉంది.

పూలు పెట్టుకుని, కొత్త చీరలు కట్టుకుని, మాట్లాడుకుంటూ వచ్చారు. గుమ్మం దాటగానే మాటలు ఆగిపోయాయి. ఆ వీపుల వెనక అందరూ నిలబడిపోయారు. వెనకనుంచి ఎవరో చిన్నగా "ఓలమ్మా" అన్నారు.

గున్నమ్మ చెప్పులు విప్పి ముందుకు వచ్చింది. తాళ్ల మధ్య నుంచి ఒదుగుతూ, ఏ బొమ్మకూ భుజం తగలకుండా నడిచి, ఇవతలికి వచ్చి వెనక్కి తిరిగి మొహాలు చూసుకుంటూ వెళ్లింది. తన దాని దగ్గర ఆగింది. దగ్గరగా వెళ్లి చూసింది. ముక్కు, పెదవి, చెంప మీద పాత మచ్చ. ఆమె నన్ను చూడలేదు. బొమ్మ పక్కకు వెళ్లి, తూర్పుకు తిరిగి, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడింది.

మిగతావాళ్లూ వచ్చారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒక్కొక్కరే తమ మొహం వెతుక్కుని, చూసుకుని, దాని పక్కన నిలబడ్డారు. ఇరవై ఏడు మట్టి మొహాలు, ఇరవై ఏడు మనుషుల మొహాలు, అన్నీ ఒకే వైపు. ఎవరూ మాట్లాడడం లేదు. నా జన్మలో నేను చేసిన ఏ పనినీ అలా చూడలేదు. అది నేను చేసింది కాదని కూడా తెలుసు. ఏదో చెప్పాలి కదా అని కాగితం విప్పాను.

"ఏటమ్మా, అలగ అడ్డంగా నిలబడిపోనావు" అంది గున్నమ్మ. కోపంగా కాదు. గోడ మీదనుంచి చూపు తిప్పకుండానే అంది. "పక్కకి తప్పుకో. అటేటీ కనపడ్డం నేదు."

నేను పక్కకు తప్పుకున్నాను.